రోడ్డు మీది పత్తి

ఆ పత్తి ఏరింది మా అవ్వ. నేను కాదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. అవ్వ చదువుతుందని భయపడి కాదు, ఆమెకు అక్షరం రాదు. రాస్తే నేనే తిరగేసి తిరగేసి చదువుకుంటానని రాయలేదు. ఇప్పుడు అవ్వ లేదు. ఆమె కాపాడుకున్న గదిలో ఆ ఇంటివాళ్ళు పాత టైర్లు, పగిలిన బకెట్లు వేసుకున్నారట. ఇక చెప్పినా ఎవరికీ పోయేదేమీ లేదు.

అవ్వంటే మా అమ్మకు అమ్మ. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక పెద్దింటి వెనక, నీళ్ళ తొట్టి పక్కనున్న గదిలో ఉండేది. బాడుగ లేదు. దానికి బదులు ఆ ఇంటి దేవుడికి వత్తులు చేసిపెట్టేది. ఇంటామెకు అవ్వ వత్తులంటే గురి. చుట్టాలెవరొచ్చినా గూట్లోంచి తీసి చూపించి, "ఇవి దేవపత్తి వత్తులు, అంగట్లో యాడా దొరకవు" అని చెప్పుకునేది.

దేవపత్తి చేలో పండే పత్తి కాదు. చేలో పత్తి మందు తాగి పెరుగుతుంది, బోరాల్లో, అంటే పెద్ద గోనెసంచుల్లో, కూరితే కూలీల కాళ్ళ కింద నలుగుతుంది, మిల్లు పండ్లలో పడి చీలుతుంది. దేవుడికి అది పనికిరాదంటారు. అందుకని పెరట్లో ఒక పత్తి చెట్టు పెంచుకునేవాళ్ళు. అది ఏళ్ళ తరబడి చెట్టులాగే నిలబడి కాస్తుంది. స్నానం చేసి కోసి, గింజలు చేత్తో తీసి వత్తులు చేస్తారు. అట్లాంటి చెట్టు కౌతాళం దగ్గర పల్లెలో అవ్వ తమ్ముడి పెరట్లో ఉండేది. అవ్వ బస్సెక్కి పోయి సంచి నింపుకొని వచ్చేది. తమ్ముడు చనిపోయాక అతని కొడుకులు చెట్టు కొట్టేసి అక్కడ బర్రెలకు రేకుల షెడ్డు వేశారు. అవ్వ ఖాళీ సంచితో తిరిగొచ్చింది. చెట్టు లేదని ఇంటామెకు చెప్పలేదు. చెబితే వత్తులు లేవు. వత్తులు లేకపోతే గది లేదు. మరుసటి రోజు "కౌతాళం పొయ్యొస్తానమ్మా" అని చెప్పి బయలుదేరి, మార్కెట్ యార్డు రోడ్లన్నీ తిరిగి, సాయంత్రానికి నిండు సంచితో వచ్చింది.

పత్తి కాలంలో ఆదోని రోడ్లు చూసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. ట్రాక్టర్లు తలకు మించిన బరువుతో వస్తాయి. స్పీడ్ బ్రేకరు దగ్గర ఎగిరినప్పుడల్లా కాస్త రాలుతుంది. ముళ్ళకంపకు పట్టుకుంటుంది, కరెంటు స్తంభానికి చుట్టుకుంటుంది, కాలవలో తేలుతుంది. మేకలు తింటాయి. దాన్ని ఏరుకోవడం ఎవరికీ తప్పుగా కనపడదు. దేవపత్తి అని దేవుడి ముందర పెట్టడమే తప్పు.

డిగ్రీలో చేరాక నేను ఎమ్మిగనూరు నుంచి వచ్చి అవ్వ దగ్గర ఉన్నాను. "కౌతాళం" పోయే రోజుల్లో సంచి పట్టుకోవడానికి నన్ను తీసుకుపోయేది. పత్తి మాత్రం ముట్టనిచ్చేది కాదు.

"నీవి సెమట చేతులే. ముట్టుకుంటే దూది ముద్దైపోతాది. నువ్వు సంచి పట్టుకో, సాలు."

ఆమె ఏరడంలో ఒక పద్ధతుండేది. కంపకు పట్టుకున్నది మొత్తం తీసేది. నేల మీద పడినదాంట్లో పైపొర మాత్రం తీసి, కింది పొర వదిలేసేది. "నేలకంటింది నేలకే" అనేది. తెలిసినవాళ్ళు ఎదురొస్తే వెంటనే కూర్చుని, చెప్పు చేతిలోకి తీసుకుని, "తెగిపాయ నాయనా" అనేది. ఆ చెప్పు అన్నిసార్లు తెగినా ఎవరూ అనుమానపడలేదు. ముసలిదాని చెప్పు ఎవరికి కావాలి?

ఆ రాలినదాంట్లో ఆ ఇంటివాళ్ళ ట్రాక్టర్ల నుంచి పడింది కూడా ఉండేది. వాళ్ళ పత్తే తిరిగి తిరిగి వాళ్ళ దేవుడి దగ్గరికి చేరేది.

ఆమె పత్తి ఏరుతుంటే నాకు చేసే పనిలేక చూపు కిందికి పోయేది. మొదట దొరికింది ఒక బొమ్మ చెయ్యి, వేళ్ళు మూసుకుని ఉన్నది. తర్వాత కంటి అద్దాల కాడ ఒకటి. చొక్కా గుండీలు, ఏ తాళానిదో ఒక తాళంచెవి, విరిగిన దువ్వెన, ఒంటి కమ్మ, ఎవరి బస్ పాసు మీద నుంచో ఊడిపోయిన ఒక మధ్యవయసు మనిషి ఫొటో. వేరుశనగ పొట్లాల కాగితాలు కూడా దాచుకునేదాన్ని, వాటిలో కథల ముక్కలుండేవి. చివర లేని కథలు. కాలేజీలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఈ వస్తువులు ఎవరివో ఊహించుకోవడం మనుషులతో మాట్లాడటం కంటే తేలిగ్గా ఉండేది. బిస్కెట్ల రేకు డబ్బాలో వేసి నా ట్రంకు పెట్టె వెనక పెట్టుకున్నాను. అవ్వకు తెలుసు. "సెత్త కుప్పను పెండ్లి చేసుకుంటావేమో" అని నవ్వేది, అంతే.

ఆ ఇంట్లో నాతో మాట్లాడేది కోడలు ఒక్కతే. బళ్ళారి వైపు పిల్ల. నాకంటే కాస్త పెద్ద. తను చదివేసిన వారపత్రికలు వంటింటి కిటికీలోంచి ఇచ్చేది, తిరిగిచ్చేటప్పుడు "ఓదినావా?" అని అడిగేది. చదివావా అనడానికి ఆమె మాట అది. కథ నచ్చితే కిటికీ ఊచలు పట్టుకుని ఆ కథ నాకే మళ్ళీ చెప్పేది. ఆమెకు కడుపు నిలవడం లేదు. ఆ ఇంట్లో అందరి మాటలూ ఆమె కడుపు చుట్టే తిరిగేవి, ఆమె ఎదురుగానే.

అందుకోసమే ఆమె అత్త, ఇంటామె, లక్షవత్తుల నోము పట్టింది. లక్ష వత్తులు చేయించి, నేతిలో నానబెట్టి, కార్తీకంలో దేవుడి ముందర ఒక్కసారిగా వెలిగిస్తే కోడలి కడుపు పండుతుందని ఆమె నమ్మకం. వత్తులు చేసే పని అవ్వకు చెప్పింది.

"దేవపత్తేనా అవ్వా అంతా?"

"నా పానం మీదొట్టమ్మా."

అవ్వ కండ్లకు అప్పటికే పొరలు కమ్ముతున్నాయి. డాక్టరు ఆపరేషను అన్నాడు, ఆమె వినలేదు. లక్ష వత్తులకు కావలసినంత పత్తి కోసం ఇదివరకు వదిలేసిన కింది పొర కూడా ఏరింది. గదిలో గుట్టగా పోసుకుని, వేళ్ళతో తడుముతూ చెత్త తీసేది. తీసినదానికంటే మిగిలిపోయేదే ఎక్కువ. నల్లటి నలుసులు, తలవెంట్రుకలు, ఎక్కడివో నీలం దారప్పోగులు నాకు కనిపించేవి.

"అవ్వా, నలుసులుండాయి. నేను తీస్తా ఇయ్యి."

"నిన్న మొన్న పుట్టినావు, నాకు నేర్పిస్తాండావా? ఆ సెమట చేతులు పెట్టినావంటే ఇరగ్గొడతా."

నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

వెలిగించే రోజు నడవాలో అరుగుల నిండా ఆడవాళ్ళు. పెద్ద ఇత్తడి గంగాళంలో నేతి వత్తులు. కోడలు పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుంది, ఆమె చేతనే వెలిగింపజేశారు. మంట లేచింది. అందరూ దండం పెట్టుకున్నారు. కాసేపటికి చిటపటమంది. ఒకామె "నెయ్యిలో తడి ఉండాదేమో" అన్నది. ఆ తర్వాత వాసన వచ్చింది. ముందు వెంట్రుకలు కాలిన వాసన. వెనకే ప్లాస్టిక్ కాలిన వాసన. నల్లటి పొగ దేవుడి పటాల వైపు పోయింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కోడలు మాత్రం పెట్టుకోలేదు. పీట మీద కూర్చున్నదానికి కదిలే వీలు లేదు.

ఇంటాయన వాకిట్లోంచి లోపలికొచ్చాడు. ఇనుప పుల్లతో గంగాళంలో కెలికి, సగం కాలిన వత్తి ఒకటి పైకి లాగాడు. దాంట్లోంచి నీలం పోగు ఒకటి కరిగి వేలాడుతోంది. బతుకంతా పత్తిలో తిరిగిన మనిషి, ఒక్క చూపు చాలింది.

"ఇది బోరాల మూతి కుట్టే దారం కదా," అన్నాడు. "దేవపత్తిలోకి యార్డు దారం యాడ్నుంచొచ్చెనవ్వా?"

అందరూ అవ్వ వైపు తిరిగారు. అవ్వ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం నాకు పక్కనుంచి కనిపిస్తోంది. భయపడుతుందనుకున్నాను. కాళ్ళ మీద పడుతుందనుకున్నాను. పడితే నేను కూడా పడాలేమో అనుకున్నాను. ఆమె నా జబ్బ పట్టుకుని ముందుకు లాగింది.

"నా పత్తి మంచిదేనమ్మా. ఈ ముండ కలిపింది. కౌతాళం పొయ్యేకి నాకు చేతకాక దీన్ని పంపిస్తి. ఇది ఆడికి పోకుండా రోడ్డు మీద ఏరుకోనొచ్చింది. నాకు కండ్లు కనపడవు, నేనేం కనుక్కుంటా?"

చిన్నప్పటి నుంచీ పదిమందిలో నా నోరు తెరుచుకోదు. అవ్వకు అది బాగా తెలుసు.

"నమ్మరా? దీనికి ఏరే రోగముండాదమ్మా. ఉండండి, సూపిస్తా."

గదిలోకి పోయి డబ్బా తెచ్చింది. కండ్లు కనపడనిది అంత తొందరగా ఎట్లా వెతికిందో. నడవాలో బండల మీద బోర్లించింది. గుండీలు దొర్లుకుంటూ ఆడవాళ్ళ కాళ్ళ దాకా పోయాయి. వాళ్ళు చీరలు ఎత్తి పట్టుకుని వెనక్కి జరిగారు.

ఇంటామె చేత్తో ముట్టకుండా చీపురు కొనతో ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"ఇదేందే, బొమ్మ చెయ్యి!"

"చేతబడి సామాన్ల మాదిరి ఉండాదే వదినా."

"ఈ ఫొటోలో ఉండేదెవరే? నీ మొగుడా?"

"ఉంటే ఇట్లాంటోడే దొరుకుతాడులే, రోడ్డు మీద పడినోడు."

నవ్వారు. అంత పొగలో, అంత దిగులులో కూడా నవ్వారు. అవ్వ కూడా వాళ్ళతో కలిసి నవ్వింది, కాస్త ఆలస్యంగా.

చీపురు కొన ఒక దగ్గర ఆగింది. వెండి మెట్టె. వీధి చివర కొళాయి దగ్గర బురదలో దొరికింది, ఒకటే. దాని మీద చిన్న చేప బొమ్మ.

నవ్వు ఆగిపోయింది. కాలి మెట్టె ఊరికే రోడ్డు మీద పడదని మా వైపు నమ్ముతారు. మొగుడు చచ్చినప్పుడు తీసి పారేస్తేనే పడుతుంది. దాన్ని ఎవరూ ముట్టరు, దాటరు.

"ఏ ముండమోసినదాని మెట్టెనో," అన్నది ఇంటామె. ఆమె గొంతు మారింది. "దీన్ని నా ఇంట్లో పెట్టుకోనుండావా? ఎన్నాళ్ళ నుంచి? అందుకే నా కోడలికి నిలవట్లేదు. అందుకే!"

నేను కోడలి వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు, ఆ ఇంట్లో చూడటానికి నాకు ఇంకెవరున్నారు. ఆమె నా వైపు చూడలేదు. పీట మీద కూర్చున్నదల్లా ఒక కాలు మెల్లగా చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంటోంది. బయటున్న కాలికి చేప బొమ్మ మెట్టె ఉంది. లోపలికి పోతున్న కాలికి ఏ బొమ్మా లేని కొత్త మెట్టె ఉంది.

అది నాదేనత్తా, కొళాయి దగ్గర జారిపోయింది అని ఒక్క మాట అంటే చాలు. కానీ మెట్టె పోగొట్టుకున్న కోడలు అంటే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఆమె తల ఎత్తింది.

"అత్తా, దాన్ని ముందు బయట పారేయించండి," అన్నది. "నాకు భయమైతాంది."

ఇంటామె చీపురు నా వైపు విసిరింది.

"ఏరేది నీకు అలవాటే కదా. ఏరు."

కింద కూర్చుని ఏరాను. గుండీలు బండల సందుల్లో ఇరుక్కున్నాయి, గోళ్ళతో తీశాను. పీట కిందికి ఒక పూస దొర్లింది. దానికోసం వంగితే కోడలు కాళ్ళు పైకి తీసుకుంది. అన్నీ డబ్బాలో వేసుకుని వీధిలోకి పోయి మురుగుకాలవలో పోశాను. వెనక్కి వచ్చేసరికి నేను కూర్చున్న చోట పసుపు నీళ్ళు చల్లుతున్నారు.

"నువ్వుండవ్వా," అంటోంది ఇంటామె. "కండ్లు కనపడని ముసలిదానివి, నువ్వేం చేస్తావు? ఇది మాత్రం రేపటి నుంచి నా గడప తొక్కగూడదు."

గదిలో అవ్వ నా బట్టలు మడిచింది. నా పుస్తకాలు వేరే సంచిలో పెట్టి మూతి ముడేసింది. క్షమించమనలేదు. నేను కూడా అది ఆశించలేదు. కానీ ఏదో ఒకటి అంటుందనుకున్నాను. అన్నది కూడా.

"నీకు అమ్ముండాది, నాయనుండాడు, ఎమ్మిగనూర్లో ఇల్లుండాది. నాకు ఈ గది తప్ప ఏముందే? నిన్నంటే నాల్గు దినాలకు మర్సిపోతారు. నన్నంటే ఈపొద్దే బయటికి ఈడుస్తారు."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆమె తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "గట్టిగా ఏడ్సు," అన్నది. "వాళ్ళకి వినపడనీ."

పొద్దున్నే సంచులు పట్టుకుని వీధిలోకి వచ్చాను. కాలవ పక్కన కోడలు చెంబు పట్టుకుని, కళ్ళాపి చల్లేదాని మాదిరి వంగి ఉంది. ఇంకో చేతిలో పుల్ల ఉంది. పుల్లతో బురదలో కెలుకుతోంది. నన్ను చూసి నిటారుగా లేచింది. ఓదినావా అని అడిగే ఆ గొంతుతోనే అన్నది:

"ఏం చూస్తాండావు? పో."

ఇంట్లో నాయన కారణం అడిగాడు. అప్పటికే అవ్వ ఫోన్లో అమ్మకు తన మాట చెప్పేసింది. నాయన మగ్గం ఆపకుండానే, "డిగ్రీ సదువుతాదనుకుంటే రోడ్ల మీద సెత్త ఏరేది నేర్చుకోనొచ్చినావా తల్లీ," అన్నాడు. రోజూ బస్సులో ఆదోనికి పోయి రావచ్చు, చాలామంది పోతారు. ఆ మాట ఎత్తితే, "దావంతా ఏరుకుంటా పోతావా?" అన్నాడు. అక్కడికి నా చదువు ఆగింది. ఇప్పుడు పొద్దున నాయన మగ్గానికి నూలు కండెలు చుట్టిపెడతాను, పదింటి నుంచి ఒక జిరాక్స్ అంగట్లో కూర్చుంటాను. ఎవరో మిషను మీద మరిచిపోయిన కాగితాలుంటే చదువుతాను. వీధిలో ఏరడం మాత్రం మానలేదు. ఏరనిదానికి అంత శిక్ష పడ్డాక మానడంలో అర్థం కనిపించలేదు.

అంగడికి పోయే సందులో పరుపులు కుట్టే సాయిబు ఇల్లుంది. ఒకరోజు వాళ్ళ ప్రహరీ అవతల తెల్లగా కనిపించింది. చేలోని మొక్క కాదు, నా తల కంటే ఎత్తున్న చెట్టు, పగిలిన కాయలతో నిండుగా ఉంది. నేను నిలబడిపోవడం చూసి ఆయనే బయటికొచ్చాడు.

"కావాల్నా పాపా? కోసుకో. మా పరుపుకి సాలదు, మీ దేవునికైతే సాలు."

అప్పటికే అవ్వ మంచం పట్టిందని తెలిసింది. అమ్మ పోయి చూసొచ్చి, "వత్తులకు పత్తి లేదని ఒకటే కలవరిస్తాంది" అన్నది. నేను తలస్నానం చేసి పోయి ఆ చెట్టు కాయలు కోశాను. గింజలు చేత్తో తీశాను. అరచేతులు చెమట పట్టినప్పుడల్లా కడుక్కుని, తుడుచుకుని, ఆరాక మళ్ళీ ముట్టుకున్నాను. ఉతికిన తెల్లగుడ్డలో మూట కట్టి ఆదోని బస్సెక్కాను.

ఇంటామె నన్ను గుమ్మంలోంచి రానివ్వలేదు. "పక్క సందులోంచి పో. సావు బతుకుల్లో ఉందని రానిస్తాండా," అన్నది. గదిలో అవ్వ చాప మీద ఉంది. ఎండిన చిన్న మూటలా ఉంది. తల దగ్గర పాత సంచి ఉంది, అడుగున కొంచెం పత్తి మిగిలి ఉంది. అందులో నీలం పోగు కనిపించింది.

పక్కన కూర్చుని మూట విప్పి, ఆమె చేతిలో పెట్టాను. కండ్లు పూర్తిగా పోయాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పత్తిని పట్టుకుని నలిపింది. చాలాసేపు నలిపింది. పోగు లాగి పొడవు చూసింది. చెంపకు ఆనించుకుంది. ఆమె ముఖంలో ఏదో వదులైంది. ఆ పత్తి ఏదో ఆమెకు తెలిసిపోయింది. ఆ వేళ్ళకు తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"అవ్వా," అన్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఏదో చెప్పబోయింది. అంతలో మజ్జిగ గ్లాసుతో ఇంటామె గుమ్మంలోకి వచ్చింది. "ఏందవ్వా చేతిలో?" అన్నది.

అవ్వ ఆ గొంతు విన్నది. నా మణికట్టు వదిలేసి, ఒక్క మాట అన్నది. ఆ తర్వాత ఆమె నాతో ఇంకేమీ మాట్లాడలేదు, నేను బస్సుకు లేచేదాకా గోడ వైపే తిరిగి ఉంది. వారం తిరక్కుండానే పోయింది. ఆ ఒక్క మాట, గుమ్మం దాకా వినపడేటంత గట్టిగా, దగ్గు ఆపుకుని మరీ అన్నది:

"ఏ రోడ్డు మీద ఏరుకోనొచ్చినావే దీన్ని?"